గంజిలో ఈగ

రేపల్లెలో ఆ ఉదయం ఆరుంపావుకి ముగ్గురం ఒక ఈగ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాం. అది రాలేదు.

ముగ్గురంటే నేను, నా క్లయింటు సుధారాణి, ఆ తాటితోపుకు కాపలా ఉండే ఏసుబాబు. నా పేరు మార్కండేయులు. తెనాలిలో జెరాక్సు షాపు మీది గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించి పదకొండేళ్ళయింది. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు వేలిముద్రల విభాగంలో భూతద్దం పట్టుకుని బతికాను. నాకో జబ్బుంది. కేసు ముదిరేకొద్దీ కళ్ళు మూతలు పడతాయి. కునుక్కీ మెలకువకీ మధ్య ఒక సన్నటి సందు ఉంటుంది, నా కేసుల్లో సగం ఆ సందులోనే తేలాయి. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు వెనకాల నన్ను నిద్రమార్కండేయులు అంటారని తెలుసు. అనుకోనీండి.

పొగమంచు తాటిమట్టల దగ్గరే ఆగిపోయింది, నేల దాకా దిగలేదు. కింద వరసగా గోతులు తవ్వి తాటిటెంకలు పాతి ఉన్నాయి. మూడు నెలల కిందట, ఆగస్టు మూడున, ఆరూ ఇరవైకి, సరిగ్గా ఇక్కడే పగిలిపడిన ఒక తాటిపండు మీద సుధారాణి ఆ ఈగను పట్టింది. మగ ఈగ. అప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

కొత్త జాతి అని లోకానికి చెప్పాలంటే ఒక ఈగను సాక్షిగా నిలబెట్టాలి. దాన్ని మూలనమూనా అంటారట. రాసిన ప్రతి మాటా ఆ ఒక్క ఈగతో సరిపోవాలి, ఎన్నేళ్ళ తరవాత ఎవరు వచ్చి చూసినా సరిపోవాలి. సుధారాణి దాని మీద పద్దెనిమిది పేజీలు రాసింది. పోయిన సోమవారం బయటి నుంచి ఒక నిపుణుడు బాపట్లలో ఆమె పని చేసే పరిశోధన సంస్థకు వచ్చి, ఆ ఈగను మైక్రోస్కోపు కింద పెట్టి, ఇది మాగిన అరటిపళ్ళ మీద వాలే మామూలు ఈగ అని తేల్చి వెళ్ళిపోయాడు. లేని జాతిని కల్పించిందని ఇప్పుడు ఆమె మీద అభియోగం. విచారణను బెజవాడ డిటెక్టివ్ ఏజెన్సీకి చెందిన మధుసూదన్‌కి అప్పగించారు. అతను ఈ సాయంత్రం అయిదింటికల్లా సంస్థ వేసిన కమిటీకి మెయిల్ పంపాలి. కల్పన అని రాశాడంటే ఆమె అయిదేళ్ళ పరిశోధన రద్దవుతుంది, ఇంకెవరూ ఆమెను గుమ్మం తొక్కనివ్వరు.

ఈగ ఎలా ఉంటుందో చెప్పమన్నాను. కాగితం చూడకుండానే చెప్పింది, చంటిపిల్లను జోకొడుతున్నంత మెల్లగా.

"ఒంటి పొడవు ఒకటిన్నర మిల్లీమీటరు. కళ్ళు ఎండిన కుంకుడుకాయ రంగు. రెక్క కొసన ఒకే ఒక్క మసక మచ్చ. ముందుకాళ్ళ మీద నూగు వెంట్రుకల దువ్వెన. దువ్వెనకి అయిదు పళ్ళు."

వింటూ వింటూ ఎక్కడికో వెళ్ళిపోయాను. చిన్న ఈగ ఒకటి పసుపుపచ్చటి తాటిపీచు మీద కూర్చుని, అయిదు పళ్ళ దువ్వెనతో వెలుతురును చిక్కు తీస్తోంది. ఏసుబాబు దగ్గితే మెలకువ వచ్చింది.

"ఆ పురుగు పండుతో వస్తదండి, పండుతోనే పోద్దండి" అన్నాడు అతను. "టెంకలు పాతేశాక ఇంక తేగలొస్తాయి గానీ ఈగ రాదండి."

అంటే ఇంకోటి పట్టి చూపించే దారి మూసుకుపోయింది. పట్టిన ఆ ఒక్కటీ ఏమైందో తేల్చాలి. అప్పటికి ఏడు. చేతిలో పది గంటలు ఉన్నాయి.

రైల్లో సుధారాణి నా ఎదురుగా కూర్చుని బ్యాగులో పెన్ను వెతుకుతుంటే ఒక చిన్న కుంకుమభరిణె దొర్లి నా కాళ్ళ దగ్గర పడింది. తీసి ఇవ్వబోతుంటే మూత ఊడింది. లోపల కుంకుమ లేదు. లేత నీలిరంగు ముద్ద. పుల్లటి వాసన ముక్కుకి తగలగానే నాకు అరవై ఏళ్ళు పోయి ఆరేళ్ళు మిగిలాయి. పేరాలలో మా ఇంటి వసారా, కుండలో మరిగే గంజి, పురుగు పట్టకుండా అందులో వేసే చిటికెడు మైలుతుత్తం, మగ్గం పడుగు దారాలకు గంజి పట్టిస్తూ వంగిన మా నాన్న వీపు, అన్నీ ఆ భరిణెలోంచి లేచాయి.

ఇదేంటమ్మా అని అడిగాను. ఈగల్ని అంటించే బంకండి అంది. బంకకు ఈ వాసన ఉండదన్నాను. కిటికీలోంచి బయటికి చూసింది.

"నేనూ పేరాలలో మగ్గం గుంట పక్కనే పాకానమ్మా."

అప్పుడు చెప్పింది. మామూలు బంకలు పెళుసెక్కి ఈగ కాళ్ళు విరిగిపోతుంటే, వాళ్ళమ్మ మహాలక్ష్మి కాచే గంజితో అంటించి చూసిందట. అద్భుతంగా నిలిచింది, తడి తగిలిస్తే ఈగ చెక్కుచెదరకుండా ఊడి వస్తుంది కూడా. అప్పటినుంచి రెండువందల పన్నెండు ఈగల్నీ దాంతోనే అంటించింది. రాతల్లో మాత్రం 'నీటిలో కరిగే బంక' అని రాసింది. పని నేర్పిన గురువుగారికి కూడా అంతకు మించి చెప్పలేదు.

"హాస్టల్లో మొదటి ఏడాదంతా నన్ను గంజిపిల్ల అని పిలిచారు బాబాయ్. ఇక్కడ మళ్ళీ ఆ మాట రానివ్వకూడదనుకున్నా. మీరు కూడా ఎవరితో అనకండి."

అననని మాట ఇచ్చాను. ఆ మాట ఆ రోజంతా నా కాళ్ళకు అడ్డం పడుతుందని అప్పుడు తోచలేదు. మాట ఇచ్చాక, అలవాటు ప్రకారం కునుకు పట్టింది.

బాపట్లలో ఆ పరిశోధన సంస్థ మేడ మీది గదికి చేరేసరికి పదీ పది. మధుసూదన్ అప్పటికే ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళవాడు, రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, ఇస్త్రీ నలగని చొక్కా. నన్ను చూసి కుర్చీ జరిపి, కూర్చోండి, పడుకోవాలంటే బెంచీ కూడా ఉంది అన్నాడు. నవ్వాను. నిజానికి ఒళ్ళు మండింది.

బీరువా తాళాలు అటెండరు హైమావతి దగ్గర ఉంటాయి. ఆవిడను ముందు నేనే ప్రశ్నించాను. ఆవిడ గడియారం చూడదు, కిటికీలోంచి కనపడే రైళ్ళను బట్టి పొద్దు చెబుతుంది. ఆ ఈగ ఉన్న తొమ్మిదో నంబరు పెట్టె ఈ మూడు నెలల్లో గది దాటింది ఒక్కసారే. ఆగస్టు పంతొమ్మిదిన పదిన్నర బండికి ముందు సుధారాణి తీసుకెళ్ళింది, నాలుగింటి ప్యాసింజరు వెళ్ళాక తెచ్చి ఇచ్చింది. మిగతా రోజుల్లో తన కళ్ళ ముందే తెరిచారు, తన కళ్ళ ముందే మూశారు.

ఎక్కడికి తీసుకెళ్ళావని సుధారాణిని అడిగాను. తెనాలిలో గురువుగారు శ్యాంప్రసాద్ గారింటికి. ఆయన రిటైరయ్యాక ఇంట్లోనే కెమెరా ఉన్న మైక్రోస్కోపు పెట్టుకున్నారు. పన్నెండూ ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా ఫోటోలు తీశారు. తరవాత ఆయనే స్వయంగా పెరుగన్నం కలిపి పెట్టారు. ముందురోజంతా నిద్ర లేక, తిన్నాక సోఫాలో కన్ను మూత పడింది. లేచేసరికి రెండు కావస్తోంది. పెట్టె బల్ల మీద ఎక్కడిదక్కడే ఉంది. ఆ తరవాత ఫోటోలు చూసే రాసింది, ఈగను మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టలేదు.

ఆ ఫోటోల్లో అయిదు పళ్ళ దువ్వెన స్పష్టంగా ఉందన్నాను. ఫోటోలో అయిదు పళ్ళేంటి, ఏభై పళ్ళు కూడా పెట్టొచ్చు పెద్దాయనా అన్నాడు మధుసూదన్.

హైమావతి ఇంకా నిలబడే ఉంది. ఏదో చెప్పాలని ఉన్నట్టు తాళాలగుత్తిని అటూ ఇటూ తిప్పుతోంది. చెప్పమ్మా అన్నాను.

"ఈ పెట్టెలన్నీ కలరా ఉండల వాసనేనండి అన్నయ్యగారూ. ఆ రోజు తిరిగొచ్చాక అది తెరిస్తే మాత్రం గోళ్ళరంగు వాసన కొట్టింది. అమ్మాయిగారు వేసుకున్నారేమో అనుకున్నా."

సుధారాణి చేతులు చూశాను. బోడి గోళ్ళు, చివర నీలిమరకలు. మధుసూదన్ మాత్రం వాసనల్ని రిపోర్టులో ఎక్కించలేనని తేల్చేశాడు.

పెట్టె తెరిపించాను. ఈగల్ని నిలబెట్టే పద్ధతి చిత్రంగా ఉంటుంది. పాత ఎక్స్‌రే ఫిల్మును కడిగి చిన్న ముక్కోణాలుగా కత్తిరిస్తారు. ముక్కోణం కొసన చుక్కంత బంక పెట్టి ఈగను అంటిస్తారు, రెండో వైపు సూది గుచ్చి పెట్టెలో నిలబెడతారు. సూదికే కింద చీటీలు. ఇది గురువుగారు నేర్పిన పద్ధతి, ఆయనా ఇలాగే చేస్తారు అంది సుధారాణి. నలభై ఈగలు వరసగా ఉన్నాయి. ఎర్ర చీటీ ఉన్నది మూలనమూనా.

మైక్రోస్కోపుకి కన్ను ఆనించాను. ఆ కన్నం అవతల వెలుతురు వేరేగా ఉంటుంది, గోదారి మీద తెల్లవారుతున్నట్టు. ఈగ రెక్కలు గాజురేకుల మాదిరి వెలుగుతున్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు. రెక్క కొసన మచ్చ లేదు. ముందుకాలి మీద దువ్వెన లేదు. పాపం, ఆ మామూలు ఈగ చేసిన తప్పు ఏమీ లేదు, ఎవరో తెచ్చి దాన్ని సాక్షిగా నిలబెట్టారు.

రోడ్డు మీది మందుల షాపులో నేను అప్పటికే ఒక టింక్చర్ అయోడిన్ సీసా కొని జేబులో వేసుకున్నాను. సూదిమొనను అందులో ముంచి, పక్క ఈగ కింద ఉన్న బంకచుక్కకు అంచున తాకించాను. గోధుమరంగు టింక్చర్ తాకిన చోట నెమ్మదిగా ముదురు నీలం పాకింది. రెండో ఈగ, నీలం. మూడోది, నీలం. ఎర్ర చీటీ ఈగ కింద తాకించాను. గోధుమరంగు గోధుమరంగుగానే ఉండిపోయింది. అయిదు నిమిషాలు చూశాం.

ఈ ఈగను అంటించిన చెయ్యి వేరు, మార్చేశారు అన్నాను.

మధుసూదన్ తెలివితక్కువవాడేం కాదు, అదే నాకు కష్టం. బంక ఏంటో చెప్పమన్నాడు. దానికో గుణం ఉంది అన్నాను. గుణం సరే, పేరేంటి అన్నాడు. నేను సుధారాణి వైపు చూశాను. ఆమె నేల చూపులు చూసింది. నా నోరు కట్టేసి ఉంది.

"పేరు లేని బంకని రిపోర్టులో రాయను. పైగా అసలు ఈగ మీరు చూపించట్లేదు. ఆవిడే ఇంకో బంకతో అంటించి ఉండొచ్చు కదా."

అసలు ఈగ దొరికితే అన్నాను. దొరికితే రాస్తానన్నాడు. అయితే కారు తియ్యి, తెనాలి పోదాం అన్నాను. అతనికి నా మీద నమ్మకం లేకపోయినా, నేను ఓడిపోవడం దగ్గరుండి చూడాలన్న సరదా ఉంది. ఆ సరదా కారు నడిపింది. పెట్టె బయటికి తీసుకెళ్ళడానికి అనుమతి రాయించి, హైమావతి చేత సంతకం పెట్టించి బయల్దేరేసరికి రెండు దాటింది. వెనక సీట్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని సుధారాణి కూర్చుంది.

తెనాలిలో శ్యాంప్రసాద్ గారి గుమ్మం ముందు దిగేసరికి మూడూ నలభై. డెబ్బై ఏళ్ళ మనిషి. సన్నగా, శుభ్రంగా, మెత్తటి గొంతుతో ఉన్నారు. శిష్యురాలిని చూడగానే అన్నం తిన్నావా అమ్మాయ్ అని అడిగారు. ఆ ప్రశ్నకు సుధారాణి కళ్ళు చెమర్చాయి. నాకు మాత్రం ఆ పెరుగన్నం గుర్తొచ్చింది.

గది నిండా పెట్టెలు. నలభై రెండేళ్ళ ఈగలు. నేను మెచ్చుకోలుగా చూస్తూ తిరిగాను, నిజంగానే మెచ్చుకోవలసినవి. ఇన్నేళ్ళలో మీరు కొత్త జాతి ఏదైనా వర్ణించారా అని అడిగాను. లేదన్నారు. జాతి పేరు పక్కన దాన్ని మొదట వర్ణించిన మనిషి పేరు ఎప్పటికీ ఉండిపోతుందట, ఆ భాగ్యం తనకు పట్టలేదట.

ఎండ కిటికీలోంచి వాలి పెట్టెల అద్దాల మీద పడుకుంది. ఫ్యాను చప్పుడు దూరంగా, ఎక్కడో నీళ్ళ కింద తిరుగుతున్నట్టు వినిపిస్తోంది. నా రెప్పలు బరువెక్కాయి. ఈ గదిలో ఈ వేళకు ఎవరికైనా నిద్ర వస్తుంది. నిద్రపోయిన పిల్ల, మేలుకుని ఉన్న ముసలాయన, బల్ల మీద పెట్టె. నలభై నిమిషాలు చాలు. ఏ బంకైనా సరే, ఒకటిన్నర మిల్లీమీటర్ల ఈగను ఊడదీసి మళ్ళీ అంటిస్తే కాళ్ళు విరగొచ్చు, ఆ సంగతి ఆయనకంటే తెలిసినవాళ్ళు లేరు. అందుకని ఊడదీయరు. ముక్కోణాన్ని సూదితో సహా తీసుకుంటారు, చీటీలు మాత్రం మారుస్తారు.

కళ్ళు తెరిచాను. ముందుకాలికి అయిదు పళ్ళ దువ్వెన ఉన్న ఈగను మీరెప్పుడైనా చూశారా అండి అని అడిగాను.

దాచుకుంటారనుకున్నాను. దాచుకోలేదు. చాలా నింపాదిగా లేచి, అలమారలోంచి ఒక చిన్న పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఆగస్టు తొమ్మిదిన నేనూ రేపల్లె వెళ్ళానండి. ఒకటి దొరికింది. వ్యాసం కూడా పంపాను, ఎల్లుండి వస్తుంది. ఒకే ఈగ ఇద్దరికి కనపడకూడదని ఏముంది?"

మధుసూదన్ మైక్రోస్కోపులో చూశాడు. ఉంది. మసక మచ్చా ఉంది, దువ్వెనా ఉంది, అయిదు పళ్ళూ ఉన్నాయి. సుధారాణి చూసి, అయిదు పళ్ళూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. ఆగస్టు పంతొమ్మిది తరవాత మళ్ళీ ఇప్పుడే చూస్తోంది దాన్ని.

శ్యాంప్రసాద్ గారు నిట్టూర్చారు. "పాపం, చిన్నపిల్ల. తనది ఎక్కడో పోగొట్టుకుని, భయపడి ఇంకోటి పెట్టి ఉంటుంది. కఠినంగా రాయకండి."

అంత మెత్తగా గొంతు కోయడం నేనెప్పుడూ చూడలేదు. మధుసూదన్ గడియారం చూసుకున్నాడు. నాలుగూ పది. ల్యాప్‌టాప్ తెరిచాడు.

ఈగల్ని మీరు దేనితో అంటిస్తారండి అని అడిగాను. రంగు లేని నెయిల్ పాలిష్‌తో, నలభై రెండేళ్ళుగా అంతే, అన్నారు. హైమావతి ముక్కును తలుచుకుని మనసులో దణ్ణం పెట్టాను. మధుసూదన్ టైపు చేయడం ఆపాడు. ఇంకేదీ వాడరా, ఈ కొత్త ఈగకి కూడా అదేనా అని రెట్టించాను. అదేనన్నారు.

జేబులోంచి టింక్చర్ సీసా తీశాను. ఆయన అనుమతితోనే ఆయన పాత ఈగల్లో మూడింటికి తాకించాను. గోధుమరంగు, గోధుమరంగు, గోధుమరంగు. కొత్త ఈగ దగ్గరికి సూది పోనిస్తే మధుసూదన్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగండి. ఇది పాడైతే రేపు సమాధానం చెప్పుకోవాల్సింది నేను. ఏం బంకో, రంగు ఎందుకు మారుతుందో చెప్పకుండా ముట్టనివ్వను."

ఇచ్చిన మాట అక్కడే నిలబడి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. నాలుగూ ఇరవై. శ్యాంప్రసాద్ గారు పెట్టె మూతకోసం చెయ్యి చాపారు.

"గంజి" అంది సుధారాణి.

ముగ్గురం ఆమె వైపు తిరిగాం. ముఖం ఎర్రబడింది గానీ కళ్ళు దించలేదు. బ్యాగులోంచి కుంకుమభరిణె తీసి బల్ల మీద పెట్టింది.

"మాది మగ్గాల ఇల్లండి. పడుగుకు పెట్టే గంజి, మా అమ్మ కాస్తుంది. నా ఈగలన్నిటినీ దాంతోనే అంటించాను. గంజి మీద టింక్చర్ పడితే నీలం అవుతుంది, హైస్కూల్లో చెప్పిందే. సార్‌కి నేనీ మాట ఎప్పుడూ చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు."

మధుసూదన్ నా మణికట్టు వదిలాడు.

సూదిమొన తాకించాను. ఇరవై ఆరేళ్ళ వేలిముద్రల చెయ్యి, వణకలేదు. మొదట గోధుమరంగే. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకున్నాను. తరవాత అంచున సన్నటి గీత లేచింది. పొద్దుగూకే వేళ కాలవ నీళ్ళ మీదికి చీకటి వచ్చినంత నెమ్మదిగా, ఆ గీత చుక్కంతా పాకి నీలం అయింది. దాని మీద, అయిదు పళ్ళ దువ్వెనతో, ఈగ అలాగే నిలబడి ఉంది. ఎవరి ఈగో అది చెప్పేసింది.

శ్యాంప్రసాద్ గారు మైక్రోస్కోపులో చూశారు. ఆయన వీపు మెల్లగా వంగిపోయింది.

"నలభై రెండేళ్ళు అందరి ఈగలకీ కాళ్ళు లెక్కపెట్టానమ్మా" అన్నారు తల ఎత్తకుండా. "ఆ రోజు నువ్వు చాలాసేపు నిద్రపోయావు. ఒక్క పది నిమిషాలు ముందు లేచి ఉంటే బాగుండేది."

ఆయన మీద నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ దాని పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది. సుధారాణి ఎర్ర చీటీని మామూలు ఈగ సూది నుంచి తీసి, అసలు ఈగ సూదికి గుచ్చింది.

మధుసూదన్ టైపు చేస్తున్నాడు. నాలుగూ యాభై రెండుకి ఆగి, గొంతు సవరించుకున్నాడు. ఇక్కడ బంక పేరు ఇంగ్లీషులో ఏదైనా గౌరవంగా ఉండేది వేద్దామా మేడమ్ అని అడిగాడు. మేడమ్ అనడం అదే మొదలు.

సుధారాణి భరిణె మూత బిగించి బ్యాగులో పెట్టుకుంది.

"గంజి అనే రాయండి" అంది. "కాచింది మహాలక్ష్మి, పేరాల అని కూడా రాయండి."